మేక పడిన మెట్లు

స్టూడియో క్యాంటీను,
సోమవారం

ఒరేయ్ బామ్మర్దీ,

ముందు శుభవార్త. నా కింది పన్ను ఒకటి ఊడింది. ఊడాల్సినవి రెండు కాబట్టి దాన్ని శుభవార్త అంటున్నాను.

నువ్వు జైలుకెళ్ళిన వారానికే ఇక్కడ పని మొదలుపెట్టేశారు. అదేరా, మనిద్దరం కలిసి పరీక్ష ఇచ్చి ఒప్పుకున్న వీడియో గేము. చిన్నప్పుడు టీవీలో చూసిన పాత కార్టూన్ బొమ్మలే, తోడేలు గుర్రుమామ, మేక బుజ్జిగడ్డం. అప్పట్లో తోడేలు మేక వెంటపడి చావుదెబ్బలు తినేది. ఇప్పుడు ఆ రెంటికీ నడుముకు ఒకే తాడు కట్టారు. ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని ఆడాలి. ఒకడు ముందుకు పోయి రెండోవాడు ఆగిపోతే తెర కదలదు. ఒకడు గోతిలో పడితే రెండోవాడు లాగాలి. ఇంటిల్లిపాదీ ఆడుకునే గేమని చెప్పి రక్తం, కత్తి, మొహం మీద గుద్దు అన్నీ మానేశారు. బొమ్మకు రక్తం రాకూడదని కంపెనీ రూలు పెట్టింది. ఆ బొమ్మ వేషం వేసేవాడి సంగతి ఎవరూ రాయలేదు.

నీ బదులు ఒక జిమ్నాస్టిక్స్ మాస్టారిని తెచ్చారు. ఒంటికి అతుక్కున్న నల్ల డ్రెస్సు, దాని నిండా గోలీలంత తెల్ల బంతులు. చుట్టూ ఉన్న కెమెరాలు ఆ బంతుల్నే చూసి బొమ్మను కదిలిస్తాయి. మాస్టారు గెంతితే చూడముచ్చటే. పడమంటే మాత్రం బహుమతి తీసుకోవడానికి వంగినట్టు పడతాడు. నిన్న మేక చెక్క పలక ఊపే దృశ్యం తీశాం. పలక నా తల మీదుగా పోవాలి, ఆయన ముందే వదిలేశాడు, అది సూటిగా వచ్చి నా దవడకు తగిలింది. కళ్ళు బైర్లు కమ్మి కూలబడ్డాను. వెంటనే ఆపారు. ఎందుకనుకున్నావు? రక్తం అంటిన బంతులు కెమెరాకు కనపడవట. తుడుచుకుని రమ్మన్నారు.

మీ అక్క నీకు ఉత్తరం రాయదు. అడిగాను. జవాబుగా కుట్టుమిషను గట్టిగా తొక్కింది. దెబ్బ తగలకుండా నీకోసం కుట్టిన మేక ప్యాడ్లు కొక్కేనికే వేలాడుతున్నాయి. మాస్టారి కొలతకు మార్చమని డైరెక్టరమ్మ అడిగితే గుడ్డ చాలదంది. బీరువాలో గుడ్డ చుట్ట నిండుగా ఉంది, నేను చూశాను.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఎవడి మీదా చెయ్యెత్తకు. మంచి నడవడిక అని రాయించుకుంటే శిక్ష తగ్గించి చలికాలానికి వదిలేస్తారు. చివరి లెవెళ్ళు అప్పటిదాకా తీయకుండా ఆగుతానని డైరెక్టరమ్మ మాటిచ్చింది.

పన్ను లేని
బావ

—

రెండో బ్లాకు, పై అంతస్తు,
ఆదివారం

బావా,

నీ పన్ను సంగతి చదివి నవ్వొచ్చింది. నవ్వితే పక్కటెముకలు కలుక్కుమన్నాయి. ఎందుకో చెబుతాను.

ఇక్కడ గొడ్డలి అని ఒకడున్నాడు. చేతిలో గొడ్డలి ఉండదు, ఆ చేతులకు దాని అవసరమూ లేదు. ఫోను దగ్గర లైను వాడిదే, భోజనం లైను వాడిదే. నేను సినిమాల్లో ఫైట్లు చేసేవాణ్ణని ఎవరో వాడి చెవిన వేశారు. భోజనానికి నిలబడితే వచ్చి, "ఉత్తుత్తి తన్నులు తినేవాడివట కదరా, అసలువి ఎలా తింటావో చూద్దాం," అని కడుపులో గుద్దాడు. కంచం ఎగిరిపోయింది. మోకాళ్ళ మీద ఉండగా పక్కటెముకల్లో తన్నాడు, మళ్ళీ తన్నాడు. ఊపిరి ఆడలేదు. లైనులో వాళ్ళు నా మీదుగా దాటుకుంటూ వెళ్ళి అన్నం పెట్టించుకున్నారు.

నా చెయ్యి లేచింది బావా. సగం దాకా లేచింది. వాడి గొంతు అందేంత దూరంలోనే ఉంది. బస్టాపు గుర్తొచ్చి దించేశాను.

నువ్వు ఎప్పుడూ అడగలేదు కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు ఆ పెద్దమనిషి తాగి ఉన్నాడు, నా మొహాన ఉమ్మాడు, నాకు ఒళ్ళు మండిన మాట నిజమే. కానీ ఇరవై ఏళ్ళు మన జంటలో కొట్టింది నువ్వు, పడింది నేను. నువ్వు సూటిగా మొహానికే ఊపుతావు, నేను వెనక్కి పోతాను. నేనూ నీలాగే ఊపాను. ఆయన వెనక్కి పోలేదు. పైగా చప్పుడు కూడా రాలేదు. పడేవాడు కదా తన రొమ్ము చరుచుకుని చప్పుడు చేయాలి, దానికోసం నేను ఆగి చూస్తున్నాను బావా. ఆయన కన్ను పట్టుకుని నేల మీద కూర్చున్నాడు, వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. ఆ కన్ను ఇక రాదని కోర్టులో చెబితేగానీ నాకు తెలియలేదు.

కాబట్టి చెయ్యెత్తను. కానీ ఎత్తకుండా ఎన్నాళ్ళు బతుకుతానో తెలియట్లేదు. నా గదిలో ఒక మేస్త్రీ ఉన్నాడు, గోడలు కట్టే మనిషి. నాకు నీళ్ళు తాగించి, తువ్వాలు తడిపి పక్కటెముకలకు చుట్టింది ఆయనే. ఇంకొన్నాళ్ళలో ఇంటికి పోతాడు.

ఈ ఉత్తరం చదివే గుమాస్తా గారికి నమస్కారాలు. గొడ్డలి పేరు కొట్టేయకండి సార్, మా బావ కంగారు పడతాడు.

నీ
మేక

—

ఇల్లు,
బుధవారం

ఒరేయ్,

ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. మీ అక్క ఏమిటని అడగలేదు కానీ ఉత్తరం పెట్టిన చోట లేదు. సాయంత్రానికి మళ్ళీ అక్కడే ఉంది, మడత మాత్రం మారింది.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను. మనకు ఫైట్లు నేర్పిన ముసలాయన మొదటిరోజు ఏం చెప్పాడు? ఫైటు నడిపేది పడేవాడు. కొట్టేవాడు చెయ్యి ఊపుతాడు, అంతవరకే వాడి పని. ఎప్పుడు తగిలినట్టు, ఎంత గట్టిగా తగిలినట్టు, చప్పుడు ఎక్కడ, పడటం ఎటు, ఇవన్నీ పడేవాడి ఇష్టం. ఆ గొడ్డలి వెధవకు ఆ సంగతి తెలియదు. నీకు తెలుసు.

వాడికి కావాల్సింది నీ ఎముకలు కాదురా, నలుగురూ చూడటం. చూపించు. వాడి భుజం కదలగానే నువ్వు పోవడం మొదలుపెట్టు. దెబ్బ అందే లోపు సగం దూరం పోయి ఉంటావు, సగం బరువే తగులుతుంది. జనం వైపు వీపు పెట్టి రొమ్ము చరుచుకో. పెద్దగా పడు. లేవకు. లేచినవాణ్ణి మళ్ళీ కొడతారు, పడినవాణ్ణి చూసి మురిసిపోయి వెళ్ళిపోతారు. తల వెనక్కి వాల్చకు, గడ్డం రొమ్ముకు ఆనించు, మెడ మిగులుతుంది. ఇదంతా నీకు నేను చెప్పాలా? కానీ ఒళ్ళు మరిచిపోతుంది కాబట్టి చెబుతున్నాను. పొద్దున్నే గదిలో కాస్త సాధన చెయ్. ఎవరైనా చెయ్యి లేపితే ఆలోచన రాకముందే ఒళ్ళు పోవాలి.

ఇక్కడ గోతి లెవెలు తీస్తున్నాం. నన్ను తాడుతో ఎత్తైన చెక్కల మీద నుంచి వేలాడదీస్తారు, మేక లాగాలి. మాస్టారి చేతులకు చెమటలు. నిన్న జారాను. పక్కన గోడకు కొట్టుకుని చెవి చీలింది, రెండు కుట్లు పడ్డాయి. టేకు బాగా వచ్చిందని డైరెక్టరమ్మ ఏడుస్తూ చెప్పింది. పాపం మంచిపిల్ల.

బావ

—

రెండో బ్లాకు,
శనివారం

బావా,

నీ కాళ్ళకు దండం. పని చేసింది.

స్నానాల గది దగ్గర వాడు పట్టుకున్నాడు. దవడకు ఊపాడు. భుజం కదిలీ కదలకముందే నేను బయల్దేరాను. వాడి వేళ్ళు నా చెంపను రాసుకుంటూ పోయాయంతే. నేను రొమ్ము మీద ఇచ్చిన చప్పుడుకు పంపు కింద ఉన్నవాళ్ళు కూడా తలలు తిప్పారు. తడి నేల మీద జారుతూ వెళ్ళి గోడకు కాళ్ళు కొట్టి, పొర్లి, కుక్కిన పేనులా పడున్నాను. ఎవరో "చచ్చాడ్రా" అన్నారు. గొడ్డలి తన పిడికిలిని తనే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు బావా. వాడి మొహంలో ఎంత ఆనందమో. పడ్డాక తన్నులు తప్పించుకున్నది అదే మొదటిసారి.

ఆ తర్వాత మరికొన్నిసార్లు పడ్డాను. వరండాలో ఒకసారి, భోజనాల దగ్గర బల్ల మీదుగా ఒకసారి. బల్ల మీద నుంచి పడితే చప్పట్లు కూడా పడ్డాయి. ఒళ్ళు పాత సంగతులన్నీ గుర్తు తెచ్చుకుంది. రోజూ పొద్దున్న గదిలో సాధన చేస్తున్నా. మేస్త్రీ మంచం మీద కూర్చుని, "ఏం పనిరా ఇది, గోడ కట్టి అదే పనిగా పడగొట్టుకున్నట్టు," అంటాడు. నవ్వి, మళ్ళీ తనే చెయ్యి ఊపి పెడతాడు, నేను పడతాను. ఆయనకు టైమింగు లేదు, అయినా సరదాగా ఉంటుంది.

అందరికీ ఈ విద్య రాదు కదా. నిన్న ఒకడు గొడ్డలికి సిగరెట్లు ఇవ్వనన్నాడు. వాడి చెయ్యి ఇనుప తలుపు సందులో పెట్టించి తలుపు వేయించాడు. ఆ వేళ్ళ చప్పుడు విన్నాను. మన చప్పుళ్ళేవీ దానికి దగ్గరగా కూడా ఉండవు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. నా వంతు రాలేదని సంతోషించాను, ఆ సంతోషానికి సిగ్గుపడ్డాను కూడా.

ఇంతవరకూ నా పేరు మీద ఏ గొడవా రాయలేదు. వచ్చే నెల శిక్ష తగ్గింపు వాళ్ళు కూర్చుంటారు. డైరెక్టరమ్మను ఆగమను. మాస్టారిని చేతులు తుడుచుకోమను.

నీ
మేక

—

ఇల్లు,
శుక్రవారం

ఒరేయ్ బామ్మర్దీ,

దస్తూరి చూసి ఉలిక్కిపడకు. నేను చెబుతుంటే మీ అక్క రాస్తోంది. నాకు కుడి మణికట్టు విరిగింది. మాస్టారు తాడు పూర్తిగా వదిలేశాడు, నేను చెయ్యి కిందికి వచ్చేలా పడ్డాను. ఎముక చర్మంలోంచి బయటికి తొంగి చూసింది. అయిదారుగురు కెమెరావాళ్ళలో ఇద్దరు నాకంటే ముందు కళ్ళు తిరిగి పడ్డారు.

మీ అక్క నీతో మాట్లాడట్లేదు. నా మాటలు రాస్తోందంతే.

(ఇది నిజం. — రాసేవారు)

మేక పనిలోంచి మాస్టారిని తీసేశారు. తోడేలు పని దాదాపు అయిపోయింది. మేక చివరి లెవెళ్ళు నీకోసం ఆగి ఉన్నాయి. నువ్వు పడటం, గొడ్డలి మురిసిపోవడం చదివి కట్టు కట్టిన చేతిని బల్లకేసి కొట్టుకుని నవ్వాను. తర్వాత కాసేపు అరిచాను.

ఒక్కమాట. మనం ఎప్పుడూ తెలిసిన చేతుల కిందే పడ్డాం. నాతో పడేటప్పుడు నా భుజం నీకు తెలుసు. తెలియని చేతుల కింద ఎక్కువ పడకు. సాధన తగ్గించు.

(తగ్గించడు. చిన్నప్పుడు కూడా చెబితే వినే రకం కాదు. — రాసేవారు)

బావ

—

జైలు ఆసుపత్రి, కిటికీ పక్క మంచం

బావా,

ఈ ఉత్తరానికి ఆలస్యమైంది. ఏం రాయాలో తెలియలేదు. నువ్వు తగ్గించమన్న ఉత్తరం నాకు అందేసరికే అంతా జరిగిపోయింది.

మేస్త్రీ పక్క మీద నా తడి తువ్వాలు వేశాను. అంత చిన్న విషయం. పొద్దున్న అందరం కిందికి దిగుతున్నాం, ఇనుప మెట్లు. ఆయన నా వెనకే వస్తూ, "పక్కంతా తడిపేశావు కదరా, బుద్ధుందా," అన్నాడు. నేను వెనక్కి తిరిగాను. ఆయన "ఛీ పో" అన్నట్టు చెయ్యి విదిలించాడు. నాకు తగలనే లేదు బావా, జానెడు దూరం ఉంది.

నా ఒళ్ళు వెళ్ళిపోయింది. ఆలోచన రాకముందే. రొమ్ము మీద చప్పుడు, వెనక్కి విరగడం, మెట్ల మీద పూర్తి పల్టీలు, కింద కమ్మీకి కొట్టుకోవడం. ఎన్నేళ్ళుగానో ఇంత బాగా పడలేదు. గాల్లో ఉండగానే తెలిసింది తప్పు చేస్తున్నానని. కనుబొమ్మ చీలి మొహమంతా రక్తమైంది.

గుమాస్తా గారూ, ఇక్కడి నుంచి కొట్టేయాలనిపిస్తే కొట్టేయండి. ఇదే నేను విచారణలోనూ చెబుతాను. వార్డర్లు నలుగురు మేస్త్రీ మీద పడ్డారు. లాఠీలతో ముందు మోకాలు పగలగొట్టారు. పడిపోయాక ఏ చేతితో తోశావురా అని అడిగి, ఆయన చెప్పేలోపే కుడి చేతి మీద కొట్టారు. మోచేయి రెండోవైపుకు వంగింది. "నేను తాకలేదు, నేను తాకలేదు," అంటూనే ఉన్నాడు. నేను కింద నుంచి అరిచాను, ఆయన కొట్టలేదు, నేనే పడ్డానని. ఇంత రక్తం కారుతున్నవాడి మాట ఎవడు నమ్ముతాడు? మతి పోయిందనుకుని నన్ను ఎత్తుకొచ్చేశారు. ఆసుపత్రి దాకా వినిపించింది ఆయన గొంతు.

ఆయన మీద హత్యాయత్నం అని రాశారు. ఇంకో నెలలో ఇంటికి వెళ్ళాల్సిన మనిషి. గోడలు కట్టే చెయ్యి అది.

నేను నిజం చెబితే, జైల్లో దొంగ గొడవ సృష్టించాడని నా శిక్ష తగ్గింపు ఎగిరిపోతుందట. చెప్పకపోతే చలికాలానికి ఇంట్లో ఉంటాను. గొడ్డలి ఆసుపత్రికి మనిషిని పంపాడు, నోరు మూసుకోమని సలహా. వాడు నాకు చేసిన మొదటి మేలు అది.

నువ్వు చెప్పిన విద్యే బావా ఇది. నిన్ను ఏమీ అనడం లేదు. కానీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మేక

—

ఇల్లు,
ఉత్తరం అందిన రోజే

బామ్మర్దీ,

అను. నన్నే అను. సాధన చెయ్ అని రాసినవాణ్ణి నేనే. మీ అక్క నీ ఉత్తరం పైకి చదివి వినిపించింది. మధ్యలో రెండుసార్లు ఆగింది.

డైరెక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. మనిద్దరం కలిసి ఇచ్చిన పరీక్ష రికార్డింగు ఇంకా ఉంది. దాంట్లో మనుషులు కనపడరు, బంతులే. తోడేలు చెయ్యి ఎక్కడిదాకా వచ్చింది, మేక తల ఎక్కడుంది, ఆ సందు అంతా తెర మీద స్పష్టంగా ఉంది. నా చెయ్యి నిన్ను ఒక్కసారి కూడా తాకలేదు. నువ్వు మాత్రం ప్రతిసారీ చచ్చినట్టే పడ్డావు. దాన్ని విచారణ చేసేవాళ్ళకు పంపించాం. డైరెక్టరమ్మ సంతకం పెట్టి, ఈ మనిషి పనే ఇది అని రాసిచ్చింది.

దానితో సరిపోకపోవచ్చు. గేము బొమ్మలు చూసి నవ్వి పక్కన పెడతారేమో. అప్పుడు ఒకటే దారి ఉంది. అది నేను చెప్పలేను. ఒకసారి నిన్ను పడమని చెప్పి చూశాను, ఇక నా నోటితో చెప్పను. చలికాలానికి నువ్వు ఇంటికి రావాలని నాకు ఎంత ఉందో నీకు తెలుసు. మేక లేకుండా ఆ గేము పూర్తి కాదని కూడా తెలుసు. నీ ఇష్టం.

(ఆయన ఏడుస్తున్నాడు, రాయొద్దంటున్నాడు. నేను చెబుతాను. మెట్ల మీద పడాల్సి వస్తే ఎడమ భుజం ముందు ఆనించు. ప్యాడు లేదని గుర్తుపెట్టుకో. గడ్డం రొమ్ముకు ఆనించు. — రాసేవారు)

బావ

—

జైలు ఆసుపత్రి, అదే మంచం

బావకు, రాసేవారికి,

ఎడమచేత్తో కాగితం పట్టుకోలేను కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటాయి, సర్దుకోండి.

విచారణకు ఒక మేడం వచ్చింది. రికార్డింగు చూసింది. అనుకున్నట్టే, "ఇది పిల్లల ఆట కదా," అంది. నేను, "మళ్ళీ పడి చూపిస్తాను," అన్నాను. పడితే నీ శిక్ష తగ్గింపు పోతుంది, తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. సూపరింటెండెంటు కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకున్నాడు.

అదే మెట్ల దగ్గరికి అందరినీ తెచ్చారు. కొట్టిన వార్డర్లు కూడా వచ్చారు. చెయ్యి విదిలించడానికి ఒక వార్డరును నిలబెడతామన్నారు. వద్దన్నాను. ఎవరి చెయ్యి ఊగిందని రాశారో ఆ మనిషే ఊపాలి, లేకపోతే ఏం రుజువవుతుంది? మేస్త్రీని చక్రాల కుర్చీలో పైకి మోసుకొచ్చారు. కుడి చెయ్యి మొత్తం సిమెంటు కట్టు. మొహం వాచి కన్ను ఒకటి మూసుకుపోయింది. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

"ఎడమ చెయ్యి ఊపు మేస్త్రీ," అన్నాను.

"ఊపను. నువ్వు చస్తే అది కూడా నా నెత్తికే చుడతారు," అన్నాడు.

"నువ్వు కదలకపోతే నేను కదలలేను. మా ఆటే అంత. ఇద్దరం కదిలితేగానీ తెర కదలదు."

ఆయనకు అర్థమైందో లేదో. మేడం గడియారం చూసుకుంది. అప్పుడు మేస్త్రీ, "తువ్వాలు ఇంకోసారి నా పక్క మీద వేస్తే చంపేస్తానురా," అని ఎడమ చెయ్యి విదిలించాడు. ఏడుస్తూ విదిలించాడు.

పడ్డాను. కానీ ఈసారి ఒళ్ళు తానుగా పోలేదు బావా. బరువుగా అయిపోయింది, భయపడింది, దాన్ని నేనే తోయాల్సి వచ్చింది. చప్పుడు మాత్రం బాగా ఇచ్చాను. మేడం "అయ్యో" అని రెండు మెట్లు దిగింది. మొదటి పల్టీ సరిగ్గా పడ్డాను. రెండోదానికి ఎడమ భుజం ముందు పెట్టాను, రాసేవారు చెప్పినట్టే. మెడ మిగిలింది. భుజం ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. ముందు పళ్ళు రెండు కమ్మీ దగ్గర వదిలేశాను. నీకంటే ఒకటి ఎక్కువే.

కింద పడున్నాను, నోట్లో రక్తం. మేస్త్రీని కొట్టిన వార్డర్లను మేడం ఒక్కటే అడిగింది, "ఆ రోజు కూడా ఇంతే దూరమా?" ఒకడు అవునన్నాడు. చెప్పాక మెట్ల మీద కూర్చుండిపోయాడు.

మేస్త్రీ మీద రాసింది కొట్టేశారు. మోకాలు కాస్త కుదుటపడ్డాక ఇంటికి పంపుతారట. చెయ్యి సంగతి డాక్టరు ఏమీ చెప్పలేదు. వార్డర్ల మీద విచారణ వేశారు. నాకు శిక్ష తగ్గింపు లేదు. చలికాలం ఇక్కడే, ఆ తర్వాత ఎండాకాలం కూడా ఇక్కడే. డైరెక్టరమ్మను ఇక ఆగవద్దను.

మేస్త్రీ వెళ్ళేముందు నా మంచం దగ్గరికి కుర్చీ తోయించుకొచ్చాడు. నేను క్షమించమన్నాను. క్షమించాననలేదు. దిండు సరిచేసి వెళ్ళాడు.

గుమాస్తా గారు ఆ రోజు ఉత్తరంలో ఒక్క అక్షరం కూడా కొట్టేయలేదని తెలిసింది. ఆయనకు నమస్కారాలు.

మేక

—

ఇల్లు, కుట్టుమిషను దగ్గర

తమ్ముడూ,

ఇది నేనే రాస్తున్నాను. మీ బావ చెప్పడం లేదు, పక్కగదిలో ఉన్నాడు.

నీతో ఎందుకు మాట్లాడలేదో చెబుతాను. ఇరవై ఏళ్ళు మీ ఇద్దరి మోకాళ్ళకూ మోచేతులకూ నేను కుట్టిన ప్యాడ్లే. నా వాళ్ళకు దెబ్బ తగలకూడదని ఎన్ని పొరలు వేశానో నాకే తెలుసు. బస్టాపులో కూర్చున్న ఆయనకు ఎవరూ ఏమీ కుట్టలేదు. ఆయన కన్ను తలుచుకున్నప్పుడల్లా నీ పేరెత్తాలంటే నాకు కోపం వచ్చేది. ఇప్పటికీ వస్తుంది, పోయిందనుకోకు. మేస్త్రీ కోసం నువ్వు పడ్డావని చదివాక ఆ కోపం పట్టుకుని ఒక్కదాన్నే కూర్చోలేకపోయాను, అంతే.

గేము వచ్చేసింది. మేక చివరి లెవెళ్ళకు ఎవరినీ పెట్టలేదు. మీరిద్దరూ ఇచ్చిన పరీక్ష రికార్డింగులోంచే నీ పడటాలు తీసుకుని అతికించిందట డైరెక్టరమ్మ. నిన్న ఒక డబ్బా ఇచ్చి వెళ్ళింది. తోడేలును మీ బావ ఎడమచేత్తో నడిపాడు, మేకను నేను. నాకు ఏ బొత్తాం ఏమిటో తెలియదు, మేకను గోతిలో తోసేస్తూనే ఉన్నాను. పడ్డ ప్రతిసారీ అది లేచే ముందు మోకాలు ఒకసారి దులుపుకుంటుంది. చిన్నప్పుడు నేను తిడతానని నువ్వు అలాగే దులుపుకునేవాడివి. మీ బావ తాడు లాగకుండా తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. లాగండి, గోతిలో ఉంది కదా అన్నాను. ఆయనకు కనపడటం లేదట, కళ్ళజోడు ఏదని వెతికాడు. కళ్ళకే ఉంది.

పక్కింటి పిల్లలు వచ్చి ఆడుతున్నారు. మేక పడితే పడీపడీ నవ్వుతున్నారు. నేను నవ్వలేకపోయాను కానీ వాళ్ళను ఆపలేదు.

కొక్కేనికున్న ప్యాడ్లు దించి విప్పాను. అవి పాత ఒంటికి కుట్టినవి. భుజం ఎముక అతుక్కున్నాక ఆ వైపు కాస్త కిందికి దిగుతుందని మీ బావ మణికట్టు చూసే డాక్టరు చెప్పాడు. మెడ నుంచి భుజం చివరిదాకా, భుజం నుంచి మోచేతిదాకా, రెండు వైపులా విడివిడిగా కొలిపించి రాసి పంపు. నువ్వు వచ్చేది ఎండాకాలం తర్వాతే అయినా పనికి చాలా రోజులు పడుతుంది. గుడ్డ ఉంది.

అక్క